సంగటి కట్టె మీద సంతకం

ఆ వయసులో నాకున్న పెద్ద జబ్బు బేరం. అంగళ్ళ మధ్య పుట్టి పెరిగినవాణ్ని కదా, ఎవరైనా నమస్కారం పెట్టినా అందులో కొంత తగ్గించమని అడగాలనిపించేది. ఇరవై రెండేళ్ళప్పుడు రాయచోటి నుంచి కువైత్ వచ్చి, ఫహాహీల్‌లో మా మేనమామ నడిపే పాత సామాన్ల అంగట్లో చేరాను. (జీతం కోసం ఆయనతోనూ బేరమాడాను. ఓడిపోయాను. నాకు ఆ విద్య నేర్పింది ఆయనే మరి.)

ఆ వేసవిలో ఒక అమెరికా ఇంజనీరు ఉద్యోగం ముగించుకుని పోతూ వంటసామాను అమ్మకానికి పెట్టాడు. గిన్నెల పక్కన నున్నటి, గుండ్రటి కట్టె ఒకటి గోడకు ఆనించి ఉంది. మామతో కలిపి మా గదిలో పదకొండు మందికి రాగి సంగటి గెలికే కట్టె ఆ వారమే విరిగింది. దీన్ని రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి, గాల్లోనే కాస్త గెలికి చూశాను. దొర కళ్ళు చెమర్చాయి. బేస్‌బాల్ ఆటగాళ్ళు కట్టె పట్టి నిలబడేది అట్లాగేనట, ఈ ఎడారిలో ఆ ఆట తెలిసినవాడు దొరికాడనుకున్నాడు! అది బ్యాటని చెప్తే నాకు నమ్మకం కుదర్లేదు. గుండ్రంగా ఉన్నది బ్యాటెట్లా అవుతుంది?

అది ఒక మహా ఆటగాడి బ్యాటనీ, ఇదిగో సంతకమనీ దొర ఆయన చరిత్ర ఎత్తుకున్నాడు. నాకదంతా ధర పెంచే మాటల్లాగే వినిపించింది. "ఆయన కొడితే బంతి మైదానం దాటి వీధిలో పడేది" అన్నాడు. "అయితే కట్టె బాగా దెబ్బలు తినిందన్నమాట సార్" అన్నాను. "మధ్యలో యుద్ధానికి పోయి, తిరిగొచ్చి మళ్ళీ ఆడాడు." "అన్నాళ్ళు మూలన పడుంటే చెద పట్టలేదా?" "ఆఖరి ఆటలో కుంటుకుంటూ వచ్చి కొట్టాడు. ఆయన మీద గౌరవంతో ఆ నంబరున్న చొక్కా ఈనాటికీ ఇంకెవరికీ ఇవ్వలేదు." "చూశారా, చొక్కా కూడా చెల్లలేదు!" దొర పగలబడి నవ్వాడు. పెట్టెలో అది పట్టదని భార్య గద్దించేసరికి, గిన్నెలతోపాటు ఊరికే ఇచ్చేశాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైత్‌ను ఆక్రమించింది. అంగళ్ళు మూతపడ్డాయి. ఆ మహానుభావుడి బ్యాట్ మాత్రం పూటపూటా పనిచేసింది. కొన్నాళ్ళకు, దాక్కున్న అమెరికావాళ్ళ కోసం ఇంటింటా వెతకడం మొదలైంది. ఒక మధ్యాహ్నం సిపాయిలతో ఒక ఇరాకీ కెప్టెన్ మా గదికీ వచ్చాడు. కెప్టెన్ కట్టెను చూశాడు. ఎండిన సంగటిని గోటితో గీకుతూ అక్షరం వెంట అక్షరం చదివాడు. ఆయన అమెరికాలో చదువుకున్నవాడట.

"ఈయన ఆఖరి ఆట నేను చూశాను" అన్నాడు. "దీన్ని తెచ్చిన అమెరికావాడెక్కడ?"

గదిలో పెద్దవాడని మామను ఇద్దరు సిపాయిలు జబ్బలు పట్టుకుని మెట్లవైపు ఈడ్చారు.

"వాడెప్పుడో పోయినాడు సార్! ఇది మా సంగటి కట్టె!" అని అరిచి, పొయ్యి మీది కుండ దించి, గోనెపట్టాతో అదిమిపట్టి, ఆయన ముందే గెలకడం మొదలుపెట్టాను. ఉడికిన రాగిపిండిలో ఆ సంతకం మునుగుతూ తేలుతోంది. కెప్టెన్ కళ్ళు మూసుకున్నాడు.

"ఖలాస్! ఆపు! ఈ ఇంట్లో ఒక్క అమెరికావాడున్నా ఈ పని చూస్తూ బతికేవాడు కాదు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇది నాకిచ్చెయ్. మీ మామను వదిలేస్తా."

సంగటి కారుతుండగానే చేతిలో పెట్టేశాను.

బూట్ల చప్పుడు మెట్లు దిగిందో లేదో, మామ చొక్కా సర్దుకుంటూ నా మీద పడ్డాడు. "ఏందిరా అల్లుడా, అడిగీ అడగకముందే ఇచ్చేస్తివే! రొండు మూటలు పిండన్నా అడగగూడదా? సంగటి కట్టెంతేనా నా ఇలవ?"

"నీ పానం పోతాండె మామా!"

"పోనీరా, బేరం బేరమే!"

నా జీవితంలో మొదటి మాటకే ఒప్పుకున్న బేరం అదొక్కటే. ఊరు చేరాక కూడా, ఎవరింటికి పోయినా మామ ఆ నష్టం సంగతి ఎత్తేవాడు. నేను ఒక్క తిట్టూ తగ్గించమనకుండా వినేవాణ్ని. తిట్టడానికి ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడంటే, ఆ ఇరవై రెండేళ్ళ తెలివితక్కువవాడు బేరం బాగానే కుదిర్చినట్టు కదా.