అమ్మ అడిగిన ఊరు

మా అమ్మ నోరు తెరిచి నన్నేదైనా అడిగింది ఒక్కసారే. వియన్నా తీసుకుపొమ్మంది.

అంతకు ముందు అడిగే వీలు మాత్రం ఎక్కడిది లెండి. నాకు నాలుగేళ్ళప్పుడు, యుద్ధం ముగిసి కువైట్ మళ్ళీ పనివాళ్ళకు తలుపులు తెరిచిన రోజుల్లో, నాన్న లేని నన్ను మా అవ్వ దగ్గర వదిలేసి ఇళ్ళల్లో పనికి వచ్చేసింది. రాయచోటి పక్క మా పల్లెలో ఇంటికొకరు అలా వచ్చినవాళ్ళే. రెండేళ్ళకోసారి సెలవు మీద ఊరికి వచ్చేది. సెంటు వాసన, కొత్త బట్టలు, కొత్త మనిషి. నాకు బెరుకు పోయి ఆమె ఒళ్ళో కూర్చునేసరికి సెలవు అయిపోయేది. అవ్వ నన్ను ఏదో పని మీద పక్కింటికి పంపేది, తిరిగొచ్చేసరికి అమ్మ ఉండేది కాదు. ఆ మోసం ఎన్నిసార్లు చేసినా నేను పడుతూనే ఉన్నాను.

పెళ్ళయ్యాక నేనూ కువైట్ వచ్చాను. మా ఆయనకు అల్ రాయ్‌లో కార్ల షోరూములో ఉద్యోగం. నేను ఫహాహీల్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. కాపురం ఎగైలాలో. ఇక అమ్మా నేనూ ఒకే దేశంలో ఉన్నాం, రోజూ పండగే అనుకున్నాను. తీరా చూస్తే శుక్రవారం మధ్యాహ్నం కాసేపు, అంతే. బస్సులో ఫహాహీల్ వచ్చేది, సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని నేను తెచ్చిన అన్నం తినేది, గడియారం చూసుకునేది, వెళ్ళిపోయేది. నేనే ఆ ఇంటికి వస్తానంటే ఒప్పుకునేది కాదు. "మామా ఊరుకోదు మే. గమ్మునుండు," అనేది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళంతా అలాగే పిలుస్తారు. ఎంత రాతిగుండె మనిషో అని నేను ఆ మామాను తిట్టుకునేదాన్ని.

అన్నం తింటూ అమ్మ చెప్పే కబుర్లన్నీ ఆ ఇంటి చిన్నకొడుకువే. పుట్టిన నలభై రోజులకే వాణ్ణి అమ్మ చేతిలో పెట్టారట. వాడికి ఏది తింటే పడదో, ఎప్పుడు నడక వచ్చిందో, పెళ్ళిలో ఎలా ఏడ్చాడో, వాడి పిల్లలిద్దరిలో ఎవరికి వాడి ముక్కు వచ్చిందో, ముఖం కూడా చూడని నాకు అన్నీ కంఠతా వచ్చు. వాడికి మాటలు ఏ వయసులో వచ్చాయో నాకు తెలుసు. నాకెప్పుడొచ్చాయో మా అమ్మకు తెలియదు.

ఆ ఏడాది చివరికల్లా అమ్మ పని మానేసి ఊరికి వెళ్ళిపోవాలని నిర్ణయమైంది. మోకాళ్ళు అరిగిపోయాయి. వెళ్ళేలోపు నాలుగు రోజులు అమ్మ నాకు కావాలనిపించింది. మా ఆయన వద్దు, బెంచీ వద్దు, గడియారం వద్దు. క్లినిక్‌లో వాళ్ళతో మాత్రం, పాపం అమ్మకు లోకం చూపిస్తానని గొప్పగా చెప్పుకున్నాను. లోకం ఎవడికి కావాలి? నా తల్లి పక్కన నాలుగు రోజులు పడుకుని లేవాలని నా ఆశ, ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్న ఆడదానికి చెప్పుకోవడానికి సిగ్గు.

"యాడికి పోదామమ్మా?" అన్నాను. తిరుపతి అంటుందనో, నీ ఇష్టం అంటుందనో అనుకున్నాను.

"వియన్నా పోదాం," అంది వెంటనే. "పిల్లోళ్ళు చిన్నగున్నప్పుడు వాళ్ళతో ఒకసారి పోయింటి. రూములోనే సరిపాయ. ఏమీ చూడలా. జులై ఆఖర్న అయితే నాకు సెలవిస్తారు."

నాకు ఎగిరి గంతేసినంత పనయింది. మా అమ్మకు ఒక కోరిక ఉంది, ఆ కోరిక నన్ను అడిగింది! వీసాకు కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, కాగితం ఇవ్వాలి, పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంటుంది, నానా తిప్పలూ పెడతాడనుకున్నాను. వారం తిరక్కుండా అన్నీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. అప్పుడైనా అనుమానం రాలేదంటే, అంత మురిపెంలో ఉన్నాను మరి.

మొదటి రోజు నిజంగా బాగుంది. కువైట్‌లో నిప్పుల కొలిమిలోంచి వెళ్ళామేమో, ఆ చల్లగాలికి అమ్మ ముఖం తేటపడింది. గుర్రబ్బళ్ళు చూశాం. రాజుల కోట చూశాం. నా హ్యాండ్‌బ్యాగు తన భుజానికి తగిలించుకుని నాకు రెండడుగుల వెనక నడిచేది. పక్కన నడవమంటే కాసేపు నడిచి మళ్ళీ వెనకపడేది. ఒక కాఫీ హోటల్లో నేను కౌంటరు దగ్గర కేకు తీసుకుని వచ్చేసరికి అమ్మ నా కుర్చీ పక్కన లేదు. వెనక టేబుల్ దగ్గర ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. కువైట్ హోటళ్ళలో ఇంటివాళ్ళు ఒక టేబుల్ దగ్గర, పనివాళ్ళు ఒక టేబుల్ దగ్గర కూర్చుంటారు.

"ఏందమ్మా ఆడ కూర్చున్నావు?"

"అలవాటు మే," అని తనే నవ్వింది. నేనూ నవ్వాను. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాములో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. మా స్టాపు వచ్చింది, దిగలేదు. తర్వాతిదీ దిగలేదు. లైను చివరిదాకా వెళ్ళి, అదే ట్రాములో వెనక్కి వచ్చాం. నా భుజం తిమ్మిరెక్కింది. ఆ ఊరికి వెళ్ళినందుకు నాకు దక్కింది అదే. అది కూడా నిద్రలో ఇచ్చింది.

రెండో రోజు పొద్దున్నే తయారై, తలకు స్కార్ఫు చుట్టుకుంది, ఆ ఇంట్లో చుట్టుకున్నట్టు. చలికనుకున్నాను. "ఆ చెరువున్న తోట కాడికి పోదాం పా," అంది. తోటలోకి అడుగుపెట్టామో లేదో ఎవరో గట్టిగా "యుమ్మా!" అని అరిచారు. కువైట్ పిల్లలు కన్నతల్లిని పిలిచే పిలుపు అది. పొడుగాటి కుర్రవాడు పరుగెత్తుకొచ్చి మా అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. వెనక వాడి భార్య, తోపుడు బండిలో పసివాడు, దాన్ని పట్టుకుని ఇంకో పిల్ల. అమ్మ రెండు చేతులతో వాడి బుగ్గలు పట్టుకుంది. గలగలా అరబ్బీ మాట్లాడుతోంది, వాడి చెవి మెలిపెడుతోంది, పగలబడి నవ్వుతోంది. శుక్రవారాలు నా అన్నం తిన్న మనిషి ఈమెనా అని చూస్తూ నిలబడ్డాను. చూస్తుండగానే పసివాడు ఆమె చంకకెక్కాడు.

వాడు నా వైపు చూశాడు.

"బిన్త్ ఉఖ్తీ," అంది అమ్మ. నా చెల్లెలి కూతురు అని.

మా అమ్మకు అక్కా లేదు, చెల్లెలూ లేదు. నేను క్లినిక్‌లో రోజంతా అరబ్బీలోనే మాట్లాడతానని ఆమెకు తెలుసు. నాకు అర్థమవుతుందని తెలిసే, నా ముందే అంది.

వాడు చాలా మర్యాదస్తుడు. తమ పనిమనిషికి వీసా రాలేదనీ, ఈ తేదీల్లో తను ఇక్కడే ఉంటానని అమ్మ ముందే చెప్పబట్టి ధైర్యంగా పిల్లలతో వచ్చామనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆమెకు మొగుడు లేడు, పిల్లలు పుట్టలేదు పాపం. దేవుడి తర్వాత మేమే దిక్కు. మీ పల్లెకు వెళ్ళాక నువ్వు బాగా చూసుకో," అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను అమ్మ వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు. అమ్మ తోపుడు బండి సంచిలో పాలసీసా వెతుకుతోంది.

"అలాగే," అన్నాను అరబ్బీలో.

మధ్యాహ్నం భోజనానికి తీసుకెళ్ళారు. వాళ్ళకొక టేబుల్, పిల్లలతో అమ్మకొక టేబుల్. నన్ను కూడా ఆ రెండో టేబుల్‌కే చూపించారు. పనిమనిషి చెల్లెలి కూతురు ఇంకెక్కడ కూర్చుంటుంది? వాడి భార్య ఒక పళ్ళెం పంపింది. వెళ్ళేటప్పుడు ఆప్యాయంగా నా భుజం తట్టి, "నీ కఫీల్ ఎవరు? మా చెల్లెలికి నీలాంటి నెమ్మదస్తురాలు కావాలి," అంది. అమ్మ అప్పుడు కూడా పిల్లదాని మూతి తుడుస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం రూముకు వచ్చాక అడిగాను. ఇంకా ఎండ ఉంది. అమ్మ పొద్దున ఉతికి ఆరేసిన నా బట్టలు మడతలు పెడుతోంది.

"నీకు పిల్లల్లేరా?"

"ఏజెంటు చెప్పమన్నాడు," అంది తలెత్తకుండా. "చిన్నబిడ్డలుండారంటే ఎవురూ తీసుకోరంట. ఏడుస్తారంట, ఊరికి పోతామంటారంట. ఎవురూ లేరని చెప్పినా."

"అది అప్పుడు. తర్వాత చెప్పకూడదా?"

"తర్వాత ఏమని చెప్పేది? వాని నోట యుమ్మా అని వచ్చినాక యా ముఖం పెట్టుకోని చెప్పేది?"

"రేపు చెప్పు."

చేతిలో బట్ట అక్కడే పెట్టేసి నా వైపు చూసింది. భయపడింది. మా అమ్మ భయపడగా చూడటం అదే మొదలు. "వొద్దు మే. ఇన్నేండ్లు అబద్ధమాడినానని తెలిస్తే వాడు మళ్ళా నా చేతికి బిడ్డనిస్తాడా?"

"మరి నేను?"

"నీకు తెలుసు గదా, నేను నీ అమ్మనని. మళ్ళా వానికేంటికి తెలియాల?"

అంతటితో ఊరుకోవలసింది. ఊరుకోలేదు. నాకు అమ్మవారు పోసినప్పుడు వచ్చిందా, సమర్త అయినప్పుడు వచ్చిందా, ఆ ఇంట్లో వాణ్ణి ఎత్తుకుని తిరుగుతూ ఒక్కసారైనా నన్ను తల్చుకుందా అని నిలదీశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే నేనూ ఏడ్చి దగ్గరికి పోయేదాన్నేమో. ఆమె మంచం మీద కూర్చుని, ఎవరి సంగతో చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"నిన్ను తల్చుకుంటే వానికి పాలు పట్టేదానికి చేతులొచ్చేటివి కాదు. అందుకని నాకు బిడ్డల్లేరు, నాకు బిడ్డల్లేరు అనుకుంటా పండుకుంటాంటి. అనుకోంగ అనుకోంగ అట్లనే అయిపాయ."

"అయితే సచ్చినాక గూడా వాళ్ళనే పిలుచుకో, మట్టేసేదానికి," అన్నాను.

"అట్లనగూడదు," అంది. వదిలేసిన బట్ట మళ్ళీ చేతిలోకి తీసుకుని, "రేపు పదిగంటలకు తోట కాడికి రమ్మన్నాడు. నువ్వు కోటల కాడికి పోయి చూసుకో. ఒక్కదానివే ఉండేది నీకు అలవాటే గదా," అంది. ఎత్తిపొడుపు కాదు. నా మీద నమ్మకంతోనే అంది.

మిగిలిన రెండు రోజులూ వాళ్ళవయ్యాయి. నేను టిక్కెట్టు కొనుక్కుని ఒక కోటలో తిరిగాను. ఎవరో రాణికి బోలెడంతమంది పిల్లలట, గోడల నిండా వాళ్ళ బొమ్మలే. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సాయంత్రం అమ్మ వచ్చి, పిల్లది తన చేత్తో తప్ప తిననంటోందని సంబరంగా చెప్పింది. ఆలకించాను. ఆలకించడం శుక్రవారాల నుంచీ అలవాటే.

వాళ్ళు ఇంకో వారం అక్కడే ఉన్నారు. మేమిద్దరమే వచ్చేశాం. కువైట్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. సామాన్ల బెల్టు దగ్గర మోకాళ్ళ నొప్పికి నిలబడలేక అమ్మ దూరంగా కుర్చీలో కూలబడింది. ఆమె పెట్టె వచ్చింది. దించి పక్కన పెట్టుకున్నాను. చుట్టూ సెలవుల నుంచి తిరిగి వస్తున్న మన కడపవాళ్ళు, గోదారివాళ్ళు, అంతా తెలుగే. ఆ ఇంటివాళ్ళు ఒక్కరూ లేరు. అబద్ధమాడవలసిన అవసరం ఎవరికీ లేదు. నేను కావాలనే గట్టిగా పిలిచాను.

"పెద్దమ్మా! నీ పెట్టె వచ్చింది, రా!"

తల తిప్పి నా వైపే చూసింది. ఇదేం పిలుపే అంటుందని, కనీసం ముఖమైనా మారుతుందని ఎదురుచూశాను.

"ఆఁ, వస్తాండా మే," అని మోకాళ్ళు పట్టుకుని లేచింది.