గోడకు ఇవతల పదహారో మనిషి

నజ్జరేనా పదకొండేళ్లు ఇంట్లో కూర్చుని బూట్ల పైతోళ్లు కుట్టింది. ఇటలీలోని ఫెర్మో కొండల్లో ఆ పని ఎరగని ఇల్లు లేదు. సోమవారం వ్యాను వచ్చి కత్తిరించిన తోలు కట్టలు దింపేది, గురువారం వచ్చి కుట్టినవి ఎత్తుకుపోయేది. వ్యాను తోలే మనిషి "బాగున్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే గేరు మార్చేవాడు. తల్లి పోయాక, చాలా వారాలు ఆమెతో మాట్లాడిన మనిషి అతనొక్కడే.

ఆ తోళ్లన్నీ ఎల్వియో బ్రాందోని కార్ఖానావి. ఏటా ఈస్టర్ వెళ్లగానే ఆమె కొండ దిగి వెళ్లి అడిగేది.

"ఎల్వియో గారూ, కిటికీ పక్క మిషను ఖాళీగానే ఉందిగా. నన్ను లోపలికి తీసుకోండి."

"మిషను ఖాళీయే అమ్మాయ్, లెక్కే ఖాళీ లేదు. నా దగ్గర పదిహేను మంది. పదహారో మనిషివి నువ్వొస్తే నాకు వర్తించే చట్టమే మారిపోతుంది. ఆ తర్వాత ఎవణ్ణి తీసేసినా కోర్టుకెక్కుతాడు. జడ్జి వాణ్ణి తెచ్చి మళ్లీ నా నెత్తిన కూర్చోబెడతాడు. మా బావమరిదికి అదే అయింది."

"నన్ను తీసెయ్యాల్సిన అవసరం మీకెందుకొస్తుంది?"

"నీ గురించి కాదే తల్లీ. నీ కుట్టు లాంటి కుట్టు ఈ చుట్టుపక్కల లేదు."

ఆయన చెడ్డవాడు కాడు. ఇరవై ఏళ్లలో తీసేసింది ఒక్కణ్ణి, అదీ తాగొచ్చి మిషను మీద తల పెట్టుకుని నిద్రపోయినవాణ్ణి. అయినా పదిహేను దాటడమంటే ఆయనకు జ్వరం వచ్చేంత భయం.

ఎనభై ఆరులో జర్మనీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. చేతులు చాలలేదు. ఎల్వియో మేస్త్రీని పిలిపించి కార్ఖానా మధ్యలో ఇటుక గోడ కట్టించాడు. ఇవతలి ముక్కకు వేరే తలుపు, వేరే కరెంటు మీటరు, పైన భార్య ఓర్నెల్లా పేరుతో వేరే బోర్డు. ఎల్వియో లెక్క పదిహేను దాటకుండా అలా పుట్టిన కొత్త కంపెనీకి మొదటి ఉద్యోగి నజ్జరేనా. చివరికి తేలిందేమిటంటే, ఆఖరి ఉద్యోగి కూడా ఆమే.

మొదటి రోజు కొత్త యాప్రాను కట్టుకుని, జుట్టు సర్దుకుని వెళ్లింది. లోపల ఒక మిషను, ఒక కుర్చీ, జిగురు వాసన.

గోడ కప్పు దాకా లేదు. పైన మూరెడు సందు. అందులోంచి అవతలి మాటలు వచ్చేవి. ముఖాలు తెలియకుండానే ఆమెకు అందరూ తెలిసిపోయారు. దగ్గుతూ అందరినీ అదిలించే పెద్దావిడ సెత్తీమియా. పాట ఎత్తుకుని మధ్యలో మరిచిపోయేవాడు జోర్దానో. జోకులు సగమే వినిపించేవి. అసలు మాట దగ్గరకొచ్చేసరికి ఏదో ఒక మిషను గడగడలాడేది, ఆ వెంటనే అందరూ విరగబడి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, కాస్త ఆలస్యంగా. మధ్యాహ్నం వాళ్లు పొడుగు బల్ల చుట్టూ చేరి తినేవారు. ఆమె రొట్టెలో వెన్నలా మెత్తగా ఉండే మాంసపు సాసేజీ పూసుకుని గోడ దగ్గరే నిలబడి తినేది.

ఒకరోజు జోర్దానో పాట పల్లవిలోనే ఆగిపోతే, ఆమె ఉండబట్టలేక తర్వాతి చరణం పాడేసింది. అవతల మిషన్లు ఆగాయి.

"ఎవరది?"

"వెనకమ్మాయిలే."

మళ్లీ మిషన్లు మొదలయ్యాయి.

మూడో ఏడు ఎవరో ఫిర్యాదు చేశారు. కార్మిక శాఖ మనిషి వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ మర్నాడే సెత్తీమియా చేతిలో కాఫీ కప్పుతో ఇవతలి తలుపు తీసుకుని వచ్చింది. ఇంత చిన్న మనిషా అనుకుంది నజ్జరేనా.

"చక్కెర రెండు చెంచాలేశాను. నువ్వెలా తాగుతావో తెలీదు గదా."

"బాగుంది అక్కా."

"చూడమ్మాయ్. ఆ వచ్చేవాడు అడుగుతాడు. ఇది ఓర్నెల్లా గారి కంపెనీ, అవతలివాళ్లతో నాకేం పని లేదు అని చెప్పు. చాలు."

"రెండూ ఒకటేనని తేలితే మీకూ మంచిదే కదా? మిమ్మల్నెవరూ ఊరికే తీసెయ్యలేరు."

"మా ఎల్వియో మమ్మల్నెప్పుడు తీసేశాడే? భయపడి మొత్తం మూసేసి పోతేనో? చట్టం వచ్చి నా పొయ్యి వెలిగిస్తుందా?" అని, కప్పు ఖాళీ అయ్యేదాకా ఆగి, తీసుకుని వెళ్లిపోయింది.

వచ్చిన అధికారి కుర్రవాడు, జలుబుతో ఉన్నాడు. కాగితాలన్నీ చూశాడు. సెత్తీమియా నేర్పిన మాటలన్నీ నజ్జరేనా అప్పజెప్పింది. అతను సంచి సర్దుకుంటూ, లెక్క కోసం కాదు, మామూలుగానే అడిగాడు.

"మూడేళ్లుగా ఇక్కడ మీరొక్కరేనా?"

అవునంటే సరిపోయేది. అలా చెప్పడానికే నోరు తెరిచింది.

"కాదు," అంది. "మేం పదహారు మందిమి."

అతను మళ్లీ కూర్చుని కలం తీశాడు.

ఆ వేసవి ముగిసేలోపు రెండు కంపెనీలూ ఒకటేనని కాగితం వచ్చింది. ఎల్వియో ఆమెను ఒక్క మాట అనలేదు. పనివాళ్లను పిలిచి గోడ తీయించాడు, ఆమె మిషను వరుస మధ్యలో వేయించాడు. ఆయనెదుట ఇప్పుడు పదహారు మంది. ఆమెను కూడా ఊరికే తీసేయడానికి వీల్లేదు.

ఆమె కూర్చున్న రోజు జోర్దానో పాడలేదు. సెత్తీమియా దగ్గుతూ తోలు ఆమె వైపు జరిపింది. భోజనం బల్ల దగ్గర ఆమెకు చోటిచ్చారు, ఉప్పు అడిగితే అందించారు. అంతే. గోడ ఉన్నప్పుడు వినిపించిన మాటల్లో సగం కూడా ఇప్పుడు వినపడేవి కావు.

ఎల్వియో మూసేయలేదు. కానీ ఆ చలికాలం ఇద్దరు పింఛను పుచ్చుకుని వెళ్తే, వాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోలేదు; లెక్క మళ్లీ పదిహేనుకు లోపలికి దిగింది. ఆ పని వ్యానులో ఇళ్లకు వెళ్లింది.

మాటలు కలవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఒక ఉదయం సెత్తీమియా పక్కకు వంగి, "ఆ పాట తర్వాతి చరణం ఏంటే? వీడికి చచ్చినా గుర్తుండదు" అంది. నజ్జరేనా చెప్పింది. జోర్దానో గొంతు సవరించుకుని అందుకున్నాడు, అందరూ నవ్వారు.

ఆమె కూడా నవ్విందిగానీ తల ఎత్తలేదు. అప్పటికి ఆమెకు తల ఎత్తకుండా పని చేయడం అలవాటైపోయింది. ఆ తర్వాత పందొమ్మిదేళ్లు అక్కడే, అలాగే కుట్టింది.