ఎనిమిది రోజులకు సగం

మా మేనత్త పోయిందని పత్తికొండ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతికి సైన్సు పాఠం చెబుతున్నాను. థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తెలిసినప్పటి నుంచి ఎదురుచూస్తున్న కబురే. అయినా సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

అమ్మ లేని నన్ను పెంచింది ఆమే. టమేటా తోటల్లో కూలికి పోయి బీఎస్సీ దాకా చదివించింది. నా పుస్తకం ముట్టుకోవాలంటే ముందు చేతులు కొంగుకు తుడుచుకునేది.

మొదట థైరాయిడ్ తీసేసే ఆపరేషన్ అయ్యాక కర్నూలు ఆసుపత్రిలో ఆమెకు రేడియో అయోడిన్ ఇచ్చారు. మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను వెతికి చంపే మందు. కొన్నాళ్లు ఒంట్లోంచి కిరణాలు వస్తాయి కాబట్టి గర్భిణులకూ పసిపిల్లలకూ దూరంగా ఉండమన్నారు. నాకప్పుడు ఏడో నెల. ఆమె తను కూలికి పోయే తోటలోని కొట్టంలో ఉండిపోయింది.

"ఒంట్లో ఆ మందు ఎనిమిది రోజులకొకసారి సగమైపోతాది అత్తా" అని ఫోన్‌లో ధైర్యం చెప్పాను.

"ఇంకో సగం ఉంటాది గదా?"

"మళ్లా ఎనిమిది రోజులకు అందులో సగం."

"దాంట్లో గూడా సగం మిగుల్తాది గదమ్మా. మరి సున్నా అయ్యేదెప్పుడు?"

ఎనభై రోజులకు వెయ్యో వంతు కూడా ఉండదనీ, మూత్రంలో పోయేది పోగా అంత కూడా మిగలదనీ చెప్పాను.

"భయానికి లెక్కలు తెలీవు పాపా" అంది.

బిడ్డ పుట్టింది. ఇక ఎత్తుకోవచ్చని డాక్టరు చెప్పినా అత్త మా వాకిలి దాటి లోపలికి రాలేదు. "దాని మొగం ఈడ్నించే కనపడతాండాదిలే" అనేది. నేను బలవంతం చేయలేదు. పిల్లలకు ఆ లెక్క బోర్డు మీద చేసి చూపించే నాకే, బిడ్డను ఆమె ఒళ్లో పెట్టడానికి చేతులు రాలేదు. అది ఆమెకు తెలుసు. తెలిసే, భయమంతా తనదే అన్నట్టు నడుచుకుంది.

ఏడాదికి రెండోసారి ఇచ్చిన మందును క్యాన్సర్ కణాలు పీల్చుకోనేలేదు. ఇంక ఇది పనిచేయదని డాక్టరు చెబితే, ఆమె అడిగింది ఒక్కటే. "ఇది గూడా ఒంట్లోంచి పోతే, పాపను ఎత్తుకోవచ్చా సారూ?"

మూడు నెలలు ఆగి మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని మొదటిసారి రెండు చేతులూ చాచింది. "రా నా తల్లీ."

పాప తప్పటడుగులతో బయల్దేరింది. "ఆగు!" అని అరిచాను. ఎందుకు అరిచానో నాకే తెలియదు. పాప ఆగిపోయింది.

అత్త నా వైపు చూడలేదు. "మంచిదేలే, నాకు దగ్గు శానా వస్తాండాది" అంది. చాచిన చేతులను మాత్రం వెంటనే దించలేకపోయింది. అవి కొంచెంసేపు అట్లాగే ఉన్నాయి.