కళ్ళు రెండూ వదిలేసి

పరాయి దేశంలో బడికి వెళ్ళిన మొదటి రోజే ఆ పిల్లకి ఘనంగా సత్కారం జరిగింది. భాష రాదు కాబట్టి బుర్ర కూడా ఉండదని పెద్దలు తేల్చేసి, పన్నెండేళ్ళ పిల్లని ఎనిమిదేళ్ళ వాళ్ళ తరగతిలో కూర్చోబెట్టారు. కుర్చీ ఎంత చిన్నదంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. పక్కనున్న బుడతలు ఎగాదిగా చూసి 'పొడుగుకాళ్ళు' అని పేరు పెట్టారు. ఆ దేశపు భాషలో ఆమె నేర్చుకున్న మొదటి మాట అదే. వెక్కిరింత వంటబట్టినంత తొందరగా పాఠం ఏ దేశంలోనూ వంటబట్టదు.

తల్లిది లాండ్రీలో ఇస్త్రీ పని. భర్త పోయాక, పని దొరుకుతుందన్న కబురు పట్టుకుని కూతుర్ని వెంటేసుకుని వచ్చింది. ఆవిడకి చదువు లేదు గానీ నోరుంది. తడి తువ్వాలు మంచం మీద పడేసినందుకు తిట్టడం మొదలుపెడితే, కింది అంతస్తు వాళ్ళకి కూడా ఎవరి తప్పులు వాళ్ళకి గుర్తొచ్చేవి. తిడుతూనే కూతురి జడ చిక్కు తీసేది. చెయ్యి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. నోరు చేసిపెట్టే పనికి చెయ్యి ఎందుకు అనుకుంది కాబోలు.

కొన్నాళ్ళకి బడివాళ్ళు పిల్లల తల్లిదండ్రులందర్నీ పిలిచారు. తల్లి నలగని బట్టలు కట్టుకుని వెళ్ళి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, టీచరుకి చేతులు జోడించింది.

"అమ్మా, ఇక ఇది మీ బిడ్డే. కళ్ళు రెండూ వదిలేసి తోలు ఒలిచేసినా నేనేం అడగను."

మనలో ఏ తల్లయినా పంతులుగారికి చెప్పే మర్యాద ఇది. ఆయన కూడా నవ్వి "అలాగేనమ్మా" అని, ఎవరి తోలూ ఒలవకుండా పాఠం చెప్పుకుంటాడు. కానీ ఇక్కడ ఆ మర్యాదని అవతలికి దాటించాల్సింది పొడుగుకాళ్ళు. వచ్చిన నాలుగు మాటలూ పోగేసుకుని, ఒక్క ముక్క పోకుండా చెప్పింది. చర్మం తీసేయండి, కళ్ళు ఉంచండి, అమ్మకి ఇష్టమే. టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పిల్ల బడిలో అంత స్పష్టంగా ఏదైనా చెప్పగలగడం అదే మొదలు.

వారం తిరక్కుండా ఇంటికి ఎంక్వైరీ ఆవిడ వచ్చింది. పిల్లల క్షేమం చూసే ఆఫీసు వాళ్ళు పంపారు. ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని, మెత్తటి గొంతుతో "మీ అమ్మ నిన్ను కొడుతుందా?" అని అడిగి, జవాబు కోసం ఓపిగ్గా కాచుకుంది. బడిలో ఆ పిల్ల నోరు తెరిచేలోగా గంట కొట్టేసేవారు. ఈవిడ మాట తడబడితే అందించేది, వాక్యం పూర్తయితే మెచ్చుకునేది. తనతో తీరిగ్గా మాట్లాడడమే ఉద్యోగంగా ఉన్న మనిషి ఈ దేశంలో ఒకరున్నారని పొడుగుకాళ్ళకి అప్పుడు తెలిసింది. "లేదు" అంటే ఫైలు మూసేసి వెళ్ళిపోతుందని కూడా తెలిసింది. అందుకని "ఏమో" అంది. మరుసటి వారం "చెప్పడం కష్టం" అని, మెట్ల మీద కుక్క గురించి పెద్ద కథ చెప్పింది. సర్కారువారు తల్లిని అనుమానిస్తూ కూతురికి ట్యూషన్ చెప్పించసాగారు.

ఈలోగా తల్లి నోరు పడిపోయింది. ఏదైనా అనబోయి తలుపు వైపు చూసి మింగేసేది. తువ్వాలు తనే తీసి ఆరేసుకునేది. ఇల్లు ప్రశాంతంగా ఉందని పిల్ల మొదట్లో సంబరపడింది కూడా.

ఒకరోజు ఎంక్వైరీ ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుంది. "భయంతో నువ్వు నిజం చెప్పలేకపోతున్నావు. కమిటీ కూర్చుంటుంది. కొన్నాళ్ళు నిన్ను వేరే ఇంట్లో ఉంచుతారు." ఇందులో ఒక్క మాట కూడా అందించాల్సిన అవసరం రాలేదు. అంతా చక్కగా అర్థమైంది. ట్యూషన్ పనిచేసింది.

కమిటీ గదిలో పెద్దమనుషులు ముగ్గురు, పక్కన హెడ్‌మాస్టరు. తల్లి మాట తర్జుమా చేసే దుబాసీ కోసం వెతికారట, దొరకలేదు. తల్లి ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఉరిశిక్ష వినబోయేదానిలా కూర్చుంది. ఆ రాత్రి తను ఎవరింట్లో పడుకోవాలో ఈ గదిలో తేలుతుందని పిల్లకి తెలుసు. ఎవరూ అడక్కుండానే లేచి నిలబడింది.

"మా అమ్మ కొట్టదు. నేనే సాగదీశాను, ఈవిడ రావడం మానేస్తుందని. మాట నేర్చుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు."

పెద్దమనుషులకి ఎక్కలేదు. మరి చర్మం సంగతేమిటన్నారు. తరగతిలో మొద్దుల కోసం టీచరు చేసినట్టే, ఆమె మళ్ళీ మొదట్నించి అందుకుంది. "మా వైపు అమ్మలు టీచరుకి అలాగే అప్పగిస్తారు. నాకంటే మీరే పెద్ద, మిమ్మల్ని నమ్మాను అని దానర్థం. మీరు డాక్టరు ముందు కళ్ళు మూసుకుని పడుకోరూ? అలా." ముందు ఒకాయన తలూపాడు, తర్వాత మిగతావాళ్ళు. అర్థమైన మొహం ఎలా ఉంటుందో ఆమె అప్పుడు చూసింది. అది మళ్ళీ చూడాలనిపించింది.

"ఇంత చెప్పగలిగే పిల్ల చిన్న తరగతిలో ఎందుకుంది?" అన్నాడు ఒకాయన. హెడ్‌మాస్టరు పైకప్పు పరిశీలించాడు.

ఆ రాత్రి అమ్మ పక్కనే పడుకుంది. అలా పై తరగతికి వెళ్ళి, తన ఈడు పిల్లల మధ్య దర్జాగా పరీక్ష తప్పింది. మళ్ళీ రాసి తప్పింది. ఆ తర్వాత అత్తెసరు మార్కులతో, ఆపైన మంచి మార్కులతో గట్టెక్కి, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, అదే బడిలో ఉద్యోగానికి వచ్చింది. హెడ్‌మాస్టరు కరచాలనం చేసి, "నీ మీద మాకు మొదట్నించీ నమ్మకమే" అన్నాడు. ఆయన జ్ఞాపకశక్తికి ఆమె నమస్కారం పెట్టింది.

ఉద్యోగం వచ్చిన సాయంత్రం, తిన్న కంచం కావాలనే బల్ల మీద వదిలేసింది. తల్లి చప్పుడు చెయ్యకుండా తీసింది.

"పర్లేదమ్మా. అలసిపోయుంటావు."

ఎంక్వైరీ ఆవిడ గడప తొక్కిన నాటి నుంచీ ఇంతే. ఈ దేశపు మాట తను అమ్మ నోరు కట్టేసి నేర్చుకుందని కూతురికి తెలుసు. ఏడుపొచ్చింది.

"అమ్మా, ఒక్కసారి తిట్టు."

"టీచరువి. ఎవరైనా వింటే?"

"వింటే నేను చెప్పుకుంటాలే. నా ఉద్యోగమే అది."

తల్లి చేతులు తుడుచుకుంది. వెళ్ళి కిటికీ మూసి వచ్చి, కూతురి ఎదురుగా నిలబడింది.

"మొద్దుమొహమా" అంది, గుసగుసలాడినట్టు. అని తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. మళ్ళీ అంది, ఈసారి కొంచెం గట్టిగా.