ఎనిమిది మగ్గాల వాడ

నా చిన్నప్పుడు దుబ్బాకలో మా వాడను ఎనిమిది మగ్గాల వాడ అనేవాళ్లు. నేను రెండో తరగతి. తప్పు లేకుండా వంద దాకా వచ్చన్న గర్వంతో గడపలు, కోళ్లు, బడి బయట చెప్పులు, ఏది కనబడినా లెక్కపెట్టేదాన్ని.

ఆ ఏడు ఊరి చివర ఒక సేటు రేకుల షెడ్డు వేసి కరెంటు మగ్గాలు దింపాడు. షెడ్డు తెరిచిన రోజు ఒక నాయకుడు వచ్చి, రోజుకు ఎన్ని గజాల బట్ట దిగుతుందో మైకులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడే మా బాపును పనికి రమ్మని కబురొచ్చింది. ఇంట్లో మగ్గం వదలాలా వద్దా అన్నది రెండు రోజులైనా తేలలేదు. మూడో రోజు, శుక్రవారం, చూడకుండా జవాబేం చెప్తామంటూ మా తాత నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు బయలుదేరాడు.

తాతకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన మాత్రం నాకన్నా చిన్నవాడైపోయాడు. అడ్డపోగును లాక్కుపోయే నాడె దానంతటదే అటూ ఇటూ ఎట్లా పరుగెడుతోందో వంగి వంగి చూశాడు.

"ఓ తాతా, జర దూరముండు! ధోతి గుంజుకపోతది" అని మిస్త్రీ అరిచాడు.

"గుంజనియ్యి. నేను నేసిన ధోతి గిది, నీ మిషినే ఆగుతది."

మిస్త్రీ నవ్వుతూ వచ్చి, మోటారు పట్టా ఎట్లా తిరుగుతుందో దగ్గరుండి చూపించాడు.

అప్పుడు తాత నన్ను మగ్గాలు లెక్కపెట్టమన్నాడు. ఎనిమిది. మళ్లీ పెట్టినా ఎనిమిదే. మన వాడలో ఉన్నన్నే ఉన్నాయని సంబరపడ్డాను.

"గట్లనా? మరి మనుషుల్ని లెక్కవెట్టు బిడ్డా."

పనివాళ్లు ఇద్దరు, మిస్త్రీ ఒకడు, ముగ్గురూ మా వాడవాళ్లే. బాపు వస్తే నలుగురు. నా వేళ్లు వాటంతటవే మా వాడ మీదికి మళ్లాయి. మా ఇంట్లో బాపు నేసేవాడు, అమ్మ నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది, బాపమ్మ నూలుకు గంజి పెట్టేది, తాత తెగిన పోగులు అతికేవాడు. ఇల్లిల్లూ తలచుకుంటూ పోతే, షెడ్డులో ఉన్న ముగ్గురితో కలిపి ముప్పై నాలుగు మంది తేలారు. మా వాడలో మగ్గం అంటే ఇల్లు. షెడ్డులో మగ్గం అంటే మగ్గమే. మా మగ్గాలు ఆగిపోతే మిగిలిన ముప్పై మంది ఎక్కడికి పోతారని తాతను అడిగాను.

"నన్నడిగితే ఏమొస్తది? గా సేటునడుగు, పా."

అడిగాను. సేటు ముందు నవ్వాడు, తర్వాత ముప్పై ఎట్లా వచ్చిందని అడిగాడు. ఇంటింటి లెక్కా చెప్పాను. అది విని ఆయన ఆలోచనలో పడగానే తాత అందుకున్నాడు. కరెంటు నాడెకైనా కండె కావాల్సిందే కదా, ఆ పని మా ఆడవాళ్లకిస్తే నా కొడుకు వస్తాడు, లేకుంటే రాడు అని తేల్చి చెప్పాడు.

సేటు సరేనన్నాడు, బాపు షెడ్డుకు పోయాడు. ఇంటికొకరు చొప్పున ఎనిమిది మంది ఆడవాళ్లకు కండెల పని దొరికింది. వాడలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాక మిగిలిన ఇరవై రెండు మందికి ఏదీ దొరకలేదు. కొందరు కూలికి పోయారు, కొందరు మరమగ్గాల పని వెతుక్కుంటూ భివండీ బస్సెక్కారు. వాళ్ల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మొన్న సిద్దిపేటలో మా మనుమడు ఏదో కొత్త ఫ్యాక్టరీ ప్రారంభాన్ని ఫోన్లో చూపించాడు. అందులో ఒక నాయకుడు మైకులో మిషిన్ల లెక్క చెప్పాడు. పనిచేసే మనుషులెందరని అడిగాను.

"మిషిన్లెన్నో చెప్పిండు గదా బాపమ్మా, ఇంకేం గావాలె?"

ముందు ఆ పని ఎందరు చేసేవాళ్లో, ఇప్పుడు ఎందరో, తీసివేతకు ఈ రెండు అంకెలు కావాలిరా అన్నాను. ఆ శుక్రవారం నుంచి నా దగ్గర మిగిలింది ఈ తీసివేతే. వాడు ఫోను జేబులో పెట్టబోయి ఆగాడు. ఆ రెండు అంకెల కోసం అందులోనే ఇంకా వెతుకుతున్నాడు.