కాకి ముద్ద తిన్న బాతులు

మా చెరువు గట్టుకు అడవి బాతులను అలవాటు చేసింది నేను. ఏడేళ్లు ఆ మాట బయటపెట్టలేదు. నింద పక్కింటి పెద్దావిడ మీద పడినప్పుడు కూడా నోరు మెదపలేదు.

అమెరికాలో, షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఇల్లు కొన్నది డెబ్బై తొమ్మిదిలో. వెనక చిన్న చెరువు, వీధి మొత్తానికి ఉమ్మడిది. ఆ అక్టోబరులో మా నాన్న తద్దినం వచ్చింది. పురోహితుడు దొరకలేదు. తెలిసినంతలో కానిచ్చి, కాకి ముద్ద తీసుకెళ్లి లాన్‌లో పెట్టాను. కాకి ముట్టందే మేం తినకూడదు. గంటన్నర చూశాం. కాకి లేదు. చివరికి చెరువులోంచి ఒక బాతు తీరిగ్గా నడిచొచ్చి ముద్ద మొత్తం మింగేసింది.

"ఏవండీ, ఇది లెక్కలోకి వస్తుందా?" అంది మా ఆవిడ.

"రెక్కలున్నాయిగా. వడ్డించెయ్."

మర్నాడు అదే వేళకు నాలుగు వచ్చాయి. నాన్నే పంపినట్టు అనిపించింది. అప్పటినుంచి రోజూ ఆఫీస్‌కి వెళ్లేముందు గిన్నెడు అన్నం వేసేవాణ్ణి.

నాలుగేళ్లకు గట్టంతా బాతులే. లాన్‌లో అడుగు పెడితే రెట్ట మీద జారడమే. ఒక మగబాతు పోస్ట్‌మాన్‌ను వీధి చివరిదాకా తరిమింది. భయపడి అన్నం మానేశాను. బాతులు మాత్రం రావడం మానలేదు.

పక్కింటావిడ భర్త పోయిన మనిషి. ఆయన చేసిన బెంచీ మీద, గట్టున, రోజూ కాగితం సంచితో కూర్చునేది. వీధివాళ్ల మీటింగ్‌లో ఒకాయన లేచాడు.

"ఆ సంచిలో రొట్టె ఎవరికి?"

"నాకే. నా సాండ్‌విచ్ నేను తింటాను."

ఎవరో నవ్వారు. బెంచీ తీసేయాలని ఓటు పెట్టారు. మూడో వరసలో కూర్చున్న నేను కూడా చెయ్యెత్తాను. ఆ తర్వాత ఆవిడ గట్టుకు రాలేదు. కిటికీలోంచి చూసేది.

ఎనభై ఆరులో మా ఊరు వెళ్లొచ్చాను. అక్కడ జొన్నచేలో పిట్టలు వాలకుండా పాత క్యాసెట్ టేపు లాగి కట్టారు. ఎండకు మెరుస్తూ, గాలికి ఝుమ్మంటోంది. తిరిగొచ్చి వీధివాళ్లను ఒప్పించాను. మిత్రుడొకడు డబ్బాడు క్యాసెట్లు తెచ్చాడు.

"ఒరేయ్, ఇవి నా పెళ్లికి వేసిన పాటలురా!"

"ఇన్నాళ్లకు పనికొచ్చాయి. లాగు!"

చెరువు చుట్టూ పుల్లలు పాతి, మోకాలెత్తున రెండు వరసలు కట్టాం. మర్నాడు ఉదయం వీధి వీధంతా కాఫీ కప్పులతో నిలబడింది. బాతులు ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాయి. గాలి లేచింది. టేపు ఒక్కసారిగా మోగింది. ముందున్నది ఆగి, మెడ సాచి, అరిచి వెనక్కు తిరిగింది. వెనకే మిగతావీ తిరిగాయి. మూడు వారాలు అలాగే పోరాడాం. తెగిన టేపు ముడేసేవాళ్లం, వంగిన పుల్ల సరిచేసేవాళ్లం. నాలుగో వారం ఒక పొద్దున గుంపంతా లేచి, మా ఇళ్లమీదుగా అరుచుకుంటూ ఎగిరిపోయింది. గట్టు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాం. పోస్ట్‌మాన్ టోపీ గాల్లోకి విసిరాడు.

ఆ శనివారం గట్టున విందు. ఆనాడు మీటింగ్‌లో లేచినాయనే నా భుజం తట్టి, నాలుగు మాటలు మాట్లాడమన్నాడు. అన్నం సంగతి మొత్తం చెప్పేశాను, తద్దినంతో సహా. ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఆ వెంటనే ఆయనే, "పద, బెంచీ పట్టు," అన్నాడు. ఓటు తర్వాత ఆయన గరాజ్‌లో పడేసిన బెంచీని ఇద్దరం మోసుకొచ్చి పాత చోటే దించాం. అంత బరువు మోసినా ఒళ్లు తేలికపడింది.

నేనే వెళ్లి ఆవిడను పిలుచుకొచ్చాను. ఆవిడ కూర్చుని, చెరువు వంక చూసింది.

"ఆ రోజు నువ్వు చెయ్యెత్తడం చూశాను," అంది.

"ఎత్తానమ్మా. బాతులకు తిండి వేసింది నేను. తెలిసే మీ మీదకు తోశాను. నన్ను క్షమించండి."