కాటా తాతయ్య తీసిన తరుగు

నన్ను సాకింది రెండేళ్ళే అయినా తాతయ్య అంటే నాకు ఆయనే. ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఏళ్ళుగా బస్తాలు తూచే పని. అందుకే ఊరంతా కాటా తాతయ్య అనేవాళ్ళు. ముక్కుసూటి మనిషి, పైగా మొండిఘటం. తూకం దగ్గర కన్నతల్లి వచ్చి నిలబడినా ఒక్క గింజ ఎక్కువ పోసే రకం కాదు.

యుద్ధం వచ్చి మా నగరం మీద బాంబులు పడుతుంటే పిల్లల్ని పల్లెలకు పంపేయమన్నారు. మా బడి నుంచి పద్దెనిమిది మందిమి, మెడలో పేర్లు రాసిన అట్టముక్కలతో రైలు దిగాం. తలా ఒక ఇంటికి పంచారు. పిల్లల్లేని కాటా తాతయ్య, ఆయన భార్య నన్ను తీసుకున్నారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మొదటి రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు పెరట్లో కోడిపిల్లలు కనబడ్డాయి, ఇక ఏడవడానికి తీరిక లేకపోయింది.

ఆయన భార్యని అమ్మమ్మా అని పిలిచేదాన్ని. గ్లాసు నిండా పాలు పోసి, నేను తాగేదాకా నడుం మీద చెయ్యేసుకుని ఎదురుగా నిలబడేది. "వద్దు" అనే మాట ఆ ఇంట్లో చెల్లేది కాదు.

నగరంలో ఉన్న అమ్మలకు మాత్రం ఒకటే బెంగ, పిల్లలు తింటున్నారో లేదో అని. రైలెక్కించే ముందు బడిలో మా బరువులు చూసి వాళ్ళకి చీటీలిచ్చారు. నాది ఇరవై మూడు కిలోలు. నెల తిరిగాక, మళ్ళీ తూచి కార్డులు రాస్తే వాళ్ళ మనసు కుదుటపడుతుందని మాతో వచ్చిన పంతులమ్మకి తోచింది. ఊళ్ళో కాటా ఉన్నది గిడ్డంగిలోనే. తాతయ్య పొంగిపోయాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చి, మమ్మల్ని ఒక్కొక్కరినీ కాటా పలక మీద నిలబెట్టి, అంకె గట్టిగా చదివి, కార్డు తనే రాశాడు. పంతులమ్మ వాటిని అలాగే టపాలో వేసేసింది.

వారం తిరక్కుండా పదకొండు మంది అమ్మలు ఒకే రైల్లో దిగారు. పిల్లలందరూ చిక్కిపోయారట! మా అమ్మ నేరుగా గిడ్డంగికి వచ్చి, తాతయ్య పక్కనున్న నన్ను గట్టిగా కావలించుకుంది. అమ్మ వాసన తగలగానే నాకు లోకం గుర్తులేదు.

"ఇరవై రెండు అని రాశారు పెద్దాయనా. నెల్లో కిలో తగ్గింది. ఇక్కడ పస్తులుంటే అక్కడున్నా ఒకటే. నాలుగు గంటల బండికి తీసుకెళ్ళిపోతాను."

తాతయ్య మొహం పాలిపోయింది. "ఆ బాంబుల్లోకా అమ్మాయీ?" అన్నాడు. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చిన అమ్మమ్మ గిడ్డంగి గుమ్మం దగ్గరే కూలబడి, "తిన్నదంతా ఎటు పోయిందే తల్లీ!" అంటూ నా పొట్ట వంక అనుమానంగా చూసింది. నాకూ అనుమానం వచ్చింది.

"మళ్ళీ తూస్తాను. నా కాటా అబద్ధం చెప్పదు" అన్నాడు తాతయ్య. పలక ఎక్కాను. కడ్డీ మీద గుండు జరిపాడు. "ఇరవై నాలుగు!" అని అరిచాడు. అరిచి, కాగితం మీద ఇరవై రెండు వేశాడు.

అమ్మ ఆయన భుజం మీదుగా చూస్తోంది. "అదేంటండీ, చదివింది ఒకటి, రాసింది ఒకటి?"

"తరుగమ్మా" అన్నాడు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

"ఏం తరుగు?"

"గోనె బరువు, తేమ కలిపి రెండు కిలోలు. ఏ బస్తాకైనా అంతే కదా..."

మాట మధ్యలో ఆగిపోయాడు. నావైపు చూశాడు. నా గౌను వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు బస్తాలకు తీసినట్టే పద్దెనిమిది మంది పిల్లలకీ తరుగు తీసేశాడు మహానుభావుడు!

ముందు మూటలు మోసేవాళ్ళు నవ్వారు. తర్వాత అమ్మ నవ్వింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. "నా చేతి తిండికి అప్రతిష్ఠ తెచ్చావు కదయ్యా!" అని మొగుణ్ణి కడిగి పారేసింది. ఆ మధ్యాహ్నం పదకొండు మంది అమ్మలకూ మా ఇంట్లోనే భోజనం. అక్కడా "వద్దు" అనే మాట చెల్లలేదు. ఊళ్ళో ఎవరు కాస్త ఒళ్ళు చేసినా, "తాతయ్యా, కొంచెం తరుగు తీసిపెట్టు" అని ఆయన పోయేదాకా ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఆయన కోపం తెచ్చుకునేవాడు, అది చూడ్డానికే మళ్ళీ అడిగేవాళ్ళు.

నాలుగు గంటల బండికి అమ్మలందరూ పిల్లల్లేకుండానే బయల్దేరారు. స్టేషన్లో తాతయ్య తల వంచుకుని, "నా పొరపాటు వల్ల మీకెంత ఏడుపొచ్చిందో" అన్నాడు.

"నేను ఏడవలేదు బాబాయి గారూ" అంది అమ్మ. "కార్డు చూడగానే సంతోషం వేసింది. తగ్గిందంటే ఇంటికి తెచ్చేసుకోవచ్చు కదా అని. పాపిష్టిదాన్ని, దారంతా తగ్గే ఉండాలని మొక్కుకున్నాను."

అమ్మ తన చేతిలో ఉన్న నా చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా రైలెక్కింది.